నూరిన మాత్ర

మా వంటింటి గూట్లో ఒక చిన్న రాతి కల్వం ఉన్నది. నా మొదటి కాన్పు తరువాత మా అమ్మ నన్ను అత్తవారింటికి పంపుతూ, చంటిపిల్లకు మందులు నూరిపెట్టడానికని నా చేతికిచ్చినది. వసకొమ్మూ, శొంఠీ, జాజికాయా, కరక్కాయా దానిలో ఎన్నిమార్లు నూరివుంటానో లెక్కలేదు. నా పిల్లలిద్దరూ ఆ కల్వం చలవవల్లనే గట్టిగా పెరిగారని నాకొక నమ్మకం. అటువంటి కల్వంతోనే పోయిన ఏడు నేనొక పెద్ద పొరపాటు చేశాను. ఇంటి గుట్టు పత్రికకెక్కించడం దేనికని మా వారు అన్నారు. కాని పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ నాలాంటి కల్వమో, నాలాంటి చెయ్యో ఉండకపోదు. అందుచేత ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది మంసాపురం. రాజపాళయానికీ శ్రీవిల్లిపుత్తూరుకూ దగ్గరగా, పడమటి కనుమల నీడలో ఉన్న ఊరు. వీధిలోకి వెళితే అరవం, గడపలోపలికి వస్తే తెలుగు. మా తాతలనాటినుంచీ ఇదే వరస. మా అత్తగారి పుట్టిల్లు రాజపాళయం దగ్గరి సత్తిరపట్టి. ఆ ఊళ్లో అడుగు పెట్టీ పెట్టకముందే మగ్గాల చప్పుడు చెవిని పడుతుంది. అక్కడ నేసేది చీరలూ పంచెలూ కాదు, ఆసుపత్రులకు పోయే బ్యాండేజీ గుడ్డ. ఎందరెందరి పుండ్లకో గాయాలకో కట్టే పల్చని తెల్లగుడ్డ ఆ ఊరివాళ్ల చేతులమీదుగా పోతుంది. రాజపాళయంలో పి.ఏ.సి. రామస్వామిరాజుగారు 1936లో స్థాపించిన నూలు మిల్లు సంగతి ఈ ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. నూలంటే మాకు అన్నం లాంటిది. మా అత్తగారు పెళ్లికి ముందు కండెలు చుట్టారు, పడుగులు సరిచేశారు, మగ్గం దగ్గర నిలబడి తెగిన పోగులు ముడివేశారు. ఇప్పుడామెకు డెబ్బైనాలుగేళ్లు. చేతివేళ్లు వంకరపోయినా, ఎవరి పైట కొంగైనా చేతికి దొరికితే రెండు వేళ్లతో నలిపి, ఇది ఫలానా నంబరు నూలు అని చెప్పేస్తారు.

ఆమెకు చక్కెర జబ్బు వచ్చి పదిహేనేళ్లు దాటింది. శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా మా ఊరి వాకిట్లో ఉన్నట్టే లెక్క. అందులో పుట్టి పెరిగిన మనిషికి ఆ జబ్బు రావడం ఎంతటి శిక్షో చదువరులే ఊహించుకోవచ్చు. రెండేళ్లుగా ఆమెకు మాత్రలు గొంతు దిగడం కష్టమయింది. నీళ్లతో వేసుకుంటే నీళ్లు లోపలికి పోతాయి, మాత్ర నాలుకమీదే నిలుస్తుంది. "మింగలేనమ్మా, గొంతులో ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టున్నది" అనేవారు. నేనేం చేశాను? చంటిపిల్లలకు చేసినట్టే చేశాను. మాత్రను కల్వంలో వేసి నూరి, చెంచాడు మజ్జిగలో కలిపి తాగించాను. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. ఏ ఇబ్బందీ రాలేదు. పైపెచ్చు నా తెలివికి నేనే మురిసిపోయాను.

తరువాత డాక్టరమ్మగారు మందు మార్చారు. రాత్రి మాత్ర తరచు మరచిపోతున్నామని నేను చెప్పిన మీదటనే, రోజుకు ఒక్కటి చాలునని కొత్తది రాసి ఇచ్చారు. దానికి వెల కాస్త ఎక్కువ. "పోనీలే, ఒకటి తప్పింది" అనుకున్నాను. మాత్ర నూరుతున్న సంగతి మాత్రం ఆమెతో అనలేదు. అదీ చెప్పవలసిన సంగతేనని నాకు తోచలేదు. అట్ట వెనుక చిన్న అక్షరాలతో ఏదో అచ్చువేసి ఉన్నది. చదవలేదు.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు మధ్యాహ్నం ఒంట్లో నీరసంగా ఉన్నదని ఆమె కాసేపు పడుకున్నారు. ఎండల కాలం గదా అనుకున్నాను. మూడో రోజు ఉదయం ఆకలి లేదని ఒక్క ఇడ్లీ తిని, నేనిచ్చిన మజ్జిగ తాగారు. పదకొండు గంటలవేళ పెరట్లో బట్టలు ఆరవేసి లోపలికి వచ్చేసరికి ఆమె గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నారు. రవిక తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. "అత్తా, ఏమయింది?" అంటే నావంక చూసి, చచ్చిపోయి ముప్పై ఏళ్లయిన తన అక్క పేరుతో నన్ను పిలిచారు. నా గుండె జారిపోయింది.

పక్కింటి కుర్రవాడు వేలు పొడిచి చక్కెర చూసే చిన్న యంత్రం పట్టుకుని పరుగెత్తి వచ్చాడు. అంకె 52 అని పడింది. 70కి దిగితేనే ప్రమాదమని అతనికి తెలుసు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి, తెలివి ఉన్నది గనుక కొంచెం కొంచెంగా తాగించాము. పావుగంట తరువాత మళ్లీ చూసి మళ్లీ ఇచ్చాము. ఆటో పిలిచి రాజపాళయం చేరేసరికి ఆమెకు నా పేరు గుర్తుకు వచ్చింది. దారిపొడుగునా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ చెయ్యి చల్లగా ఉండడం ఈనాటికీ నా అరచేతికి గుర్తున్నది.

తేరుకున్నట్టే కనబడినా డాక్టరమ్మగారు ఇంటికి పంపలేదు. ఈ జాతి మందు ఒంట్లో ఉన్నంతసేపూ చక్కెర మళ్లీ పడిపోవచ్చునని ఆ రాత్రి అక్కడే ఉంచారు. మందు అట్ట చూశారు, తేదీ చూశారు, ఎన్ని మాత్రలు ఖర్చయ్యాయో లెక్కపెట్టారు. లెక్క సరిగానే ఉన్నది. అప్పుడు నావైపు తిరిగి, "మాత్రను ఎట్లా ఇస్తున్నారమ్మా?" అని అరవంలో అడిగారు. చెప్పాను. ఆమె కోపపడలేదు. కోపపడివుంటేనే నాకు సులువుగా ఉండేది. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు తెప్పించి, ఒకదానిలో మా పాత మాత్ర, రెండోదానిలో కొత్త మాత్ర వేయించారు. "మీరు కాఫీ తాగి రండి, తరువాత చూద్దాం" అన్నారు.

తిరిగి వచ్చి చూద్దును గదా, పాత మాత్ర గ్లాసు అడుగున విరిగి పిండిపిండి అయింది. కొత్త మాత్ర చెక్కు చెదరలేదు. నీళ్లలో నానిన సబ్జా గింజకు పట్టినట్టు దాని చుట్టూ జిగురు పొర ఒకటి పట్టి, కాస్త ఉబ్బి కూర్చున్నది.

"మందు ఈ జిగురు గుండా మెల్లమెల్లగా బయటికి రావాలి. పొద్దున వేసుకున్నది రాత్రిదాకా కొంచెం కొంచెంగా దిగాలి. మీరు నూరేసరికి రోజంతటి మందూ ఒక్కసారిగా కడుపులో పడింది. పైగా ఆమె తిన్నది ఒక్క ఇడ్లీ. మందులో తప్పు లేదమ్మా. దాని తలుపు విరిగింది" అన్నారు.

ఆ జిగురు దేనితో చేస్తారని అడిగాను. నా తప్పు దేనివల్ల జరిగిందో తెలుసుకోవాలనిపించింది. "హైప్రోమెల్లోజ్ అంటారు. చెట్ల పీచునుంచి చేస్తారు. కలప గుజ్జుతోగాని, దూదితోగాని" అని చెప్పి ఆమె వెళ్లిపోయారు. అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉన్న మా అత్తగారు మంచంమీదినుంచి, "దూదా? మన పత్తి దూదేనా?" అన్నారు. ఆ మూడు రోజుల్లో ఆమె గొంతులో ప్రాణం వినబడింది ఆ మాటలోనే.

ఇంటికి వచ్చాక ఈ సంగతి నన్ను వదలలేదు. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మా చిన్నమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు, అత్తాకోడళ్లం ఇద్దరం దాన్ని కూర్చోబెట్టి అడిగాము. తెలిసినంతవరకు చెబుతాను.

పత్తిలో తొంభైపాళ్లకు మించి ఉన్నది సెల్యులోజు అనే పీచు. ఆన్సెల్మ్ పాయెన్ అనే ఫ్రెంచి పండితుడు దీన్ని 1838లో మొక్కలనుంచి వేరుచేసి చూపించాడు. ఇందులోని వింత ఏమంటే, అన్నంలోని పిండీ పత్తిలోని పీచూ రెండూ గ్లూకోజు పూసలతో గుచ్చిన దండలే. పూసా పూసా కలిపే ముడి మాత్రం వేరు. పిండిలోని ముడి మన కడుపు విప్పగలదు. పీచులోని ముడి విప్పలేదు. ఆవుకు మాత్రం దాని పొట్టలో ఉన్న సూక్ష్మజీవులు విప్పిపెడతాయి. ఈ మాట విని మా అత్తగారు, "అయితే ఇన్నాళ్లూ నేను చక్కెరతో నేసిన గుడ్డనే కట్టుకున్నానన్నమాట. దానివల్ల మాత్రం జబ్బు రాలేదు" అని నవ్వారు.

కోరా దూదిని నీళ్లలో వేస్తే తేలుతుంది. పత్తి పోగుపైన సన్నని మైనపు పొర ఉంటుంది గదా, అది నీటిని అంటనివ్వదు. కాస్టిక్ సోడాతో ఉడకబెట్టి, చలువచేసి, ఆ పొర తీసేస్తే అదే దూది గభాలున నీరు తాగి మునుగుతుంది. ఆసుపత్రి దూది పది సెకండ్ల లోపల మునగాలని నియమం. ఈ ముక్క మా అమ్మాయి చెప్పబోతుంటే మా అత్తగారే అందుకుని చెప్పేశారు. పీచు గుణాన్ని మార్చడమంటే మొదటి మెట్టు ఇదేనన్నమాట. మా వైపు జనం రసాయనశాస్త్రం పేరెత్తకుండానే ఆ పని చేస్తూ వచ్చారు.

ఆ పైమెట్లు కార్ఖానాలవి. 1955లో అమెరికాలో విస్కోస్ కంపెనీలో పనిచేసే బాటిస్టా అనే ఆయన, శుద్ధిచేసిన సెల్యులోజును ఆమ్లంలో ఉడికించి, వదులుగా ఉన్న భాగాన్ని కరగనిచ్చి, గట్టి భాగాన్ని నీళ్లలో వేసి యంత్రంతో గిలకొట్టాడు. ఇసుకలా అడుగుకు దిగుతుందనుకున్నది వెన్నలాంటి ముద్దయింది. దాన్ని ఆరబెట్టిన తెల్లని పొడి ఈనాడు లెక్కలేనన్ని మాత్రల్లో ఉన్నది. మందు గోరంత ఉంటే, దాన్ని చేతికి దొరికేటట్టు, అచ్చులో నిలిచేటట్టు చేసేది ఈ పొడి. సెల్యులోజుకే కాస్టిక్ సోడా పట్టించి మరొక రసాయనం చేరిస్తే నీళ్లలో చిక్కబడే కార్బాక్సీమిథైల్ సెల్యులోజు వస్తుంది. దానిలోని దండలను ఒకదానికొకటి అడ్డంగా ముడివేస్తే, నీరు తగలగానే ఉబ్బి మాత్రను పగలగొట్టేది తయారవుతుంది. మా పాత మాత్ర గ్లాసులో పిండయింది ఇటువంటిదానివల్లనే కావచ్చు. వేరే రసాయనాలు చేరిస్తే మా కొత్త మాత్రలోని జిగురు, హైప్రోమెల్లోజు. ఒకే తల్లి పిల్లలు. ఒకటి తలుపు తెరుస్తుంది, ఒకటి తలుపు ఓరగా వేస్తుంది. తల్లి ఒకటే గదా అని ఒకదాని పని ఇంకొకదానికి అప్పగిస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

ఇది మాత్రలతో పోలేదు. డాక్టర్ జి. వెంకటస్వామిగారు 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన మదురై అరవింద కంటి ఆసుపత్రిలో మా అత్తగారికి కంటి పొర తీశారు. ఆ తరువాత కళ్లు ఎండిపోయి మండుతూ ఉంటే చుక్కల మందు వాడుతూ వచ్చాము. ఆ సీసా తీసి చదివితే, అందులో ఉన్నదీ ఆ కార్బాక్సీమిథైల్ సెల్యులోజే. ఇక శస్త్రచికిత్సలో నెత్తురు కట్టడానికి వాడే ఒక రకం గుడ్డ ఉన్నదట. సెల్యులోజుకు ఆమ్లజనిని పట్టించి చేస్తారు. 1940లలోనే వాడుకలోకి వచ్చింది. దాన్ని లోపలే వదిలేసి కుట్టు వేసినా ఒంట్లో కరిగిపోతుంది. మా అత్తగారు ఈ సంగతి నమ్మడానికి రెండు రోజులు పట్టింది. "మేం నేసిన గుడ్డ లోపల మరచిపోతే మనిషి చస్తాడు. ఇది కరుగుతుందా!" అని మళ్లీ మళ్లీ అడిగారు.

ఆహారం సంగతీ కొంత చెప్పాలి. ఇక్కడా మన పొరపాట్లు తక్కువ కావు. వెనకటికి దంపుడు బియ్యం తినేవాళ్లం. మరబియ్యం వచ్చి తవుడును తీసుకుపోయింది. దానితోబాటు పీచూ పోయింది, బి1 విటమినూ పోయింది. ఆ విటమిను లేక ఉత్తర సర్కారు జిల్లాల్లో మన తెలుగువాళ్లు బెరిబెరితో బాధపడ్డారు. ఆ జబ్బును పరిశోధించడానికి 1918లో మన నీలగిరి కూనూరులో మెకారిసన్ దొరగారు మొదలుపెట్టిన చిన్న శాఖే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969నుంచి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో ఉన్నది. తవుడును పశువులకు పెట్టి, తెల్లబియ్యం మనం తిని, ఇప్పుడు పీచు పొడిని డబ్బాలలో కొనుక్కుంటున్నాము. నవ్వాలో ఏడవాలో తెలియదు.

డబ్బాల్లో అమ్మే పీచంతా పనికిరానిదని నేననడం లేదు. ఇసప్గోలు పొట్టు మంచిదే. గుజరాతులోనూ రాజస్థానంలోనూ పండే ఆ గింజల పొట్టు నీరు పీల్చి జిగురై, మలబద్ధకం తీరుస్తుంది, కొలెస్టరాలు కొంత తగ్గిస్తుంది, తిన్న అన్నంలోని చక్కెర ఒక్కసారిగా నెత్తురులో చేరకుండా నెమ్మది చేస్తుంది. అయితే గ్లాసు నిండా నీళ్లు లేకుండా వేసుకుంటే గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డం పడుతుంది. మింగడం కష్టమైనవాళ్లకు అసలే కూడదు. మా అత్తగారికి పెడదామని నేను అప్పటికే ఒక డబ్బా కొని ఉంచాను. డాక్టరమ్మగారిని అడిగినందువల్ల రెండో పొరపాటు తప్పింది. వేరే మందులు వేసుకునేవాళ్లు వాటికీ దీనికీ నడుమ రెండు గంటలైనా ఎడం ఉంచాలనికూడా ఆమె చెప్పారు. ఆ జిగురు మందును తనలో పట్టి ఉంచగలదట.

ఐస్‌క్రీము డబ్బామీద 466 అనే అంకె కనబడితే అది పైన చెప్పిన కార్బాక్సీమిథైల్ సెల్యులోజు. 460 అంటే సెల్యులోజు, 464 అంటే హైప్రోమెల్లోజు. వీటిని చూసి భయపడనక్కర లేదు. ఐస్‌క్రీములో మంచు పలుకులు కట్టకుండా, చిక్కదనం నిలిచేటట్టు చేయడానికే వాటిని వేస్తారు. అలాగని ఐస్‌క్రీములో పీచున్నది, ఆరోగ్యానికి మంచిదని సంతోషపడనూ అక్కర లేదు. చిటికెడు జిగురు ఒక పిడికెడు చిక్కుడుకాయలకు సాటిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలి. అదీ ఆహారంలో సహజంగా ఉన్న పీచు. కూరలూ, పండ్లూ, పప్పులూ, చోళ్లూ, సజ్జలూ ఉన్న ఇంట్లో అది గొప్ప సంగతి కాదు.

మన ఇళ్లలోనూ ఇటువంటి మార్పు ఒకటి ఎప్పటినుంచో ఉన్నది. అన్నం వండి చల్లార్చితే, దానిలోని పిండి కొంత మళ్లీ బిగుసుకుని అరగనిదవుతుంది. అది పీచు చేసే పనే కొంత చేస్తుంది. రాత్రి అన్నంలో నీళ్లుపోసి పొద్దున మజ్జిగతో తినే చద్దన్నంలో ఉన్న మేలుకు ఇదొక కారణం. ఆ మార్పు కొద్దిపాటిదే. చక్కెర జబ్బువాళ్లు చద్దన్నమని చెప్పి కుంభం లాగించరాదు. మా అత్తగారు ఈ వాక్యం నా చేత రాయించవద్దని చూశారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇన్నాళ్లూ నేను మాత్ర అంటే మందు అనే అనుకున్నాను. మందు చుట్టూ ఉన్నది సుద్దో పిండో, లెక్కలోనిది కాదని నా అభిప్రాయం. అందుకే నూరేటప్పుడు నా చెయ్యి తడబడలేదు. ఏమీ చేయదనుకున్న ఆ పీచే, మందు ఎప్పుడు ఎంత దిగాలో చూస్తున్నది. మా అత్తగారు తన పద్ధతిలో దీన్ని నాకన్నా బాగా చెప్పారు.

"పడుగుకు గంజి పెడతాం చూడు. ఆ గంజి గుడ్డకు చెందినది కాదు. నేత అయ్యాక ఉడకబెట్టి కడిగేస్తాం. అయినా నేత కాకముందే ఎవరైనా తెలివితక్కువది దాన్ని కడిగేసిందనుకో, ఒక్కొక్క పోగూ తెగి పడుగంతా పాడవుతుంది. పోవలసినదే, కాని పోవలసినప్పుడు పోవాలి."

ఆ తెలివితక్కువది ఎవరో పేరు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ మాట తరువాత ఆమె నా చేతి మజ్జిగ అడిగి తాగారు. మూడు వారాలుగా ఆమె మజ్జిగ ముట్టలేదు. భయమని నాతో అనలేక, జలుబని సాకు చెప్పారు. చెంచాలో ఏముందో చూడకుండా నోరు తెరిచే మనిషి, నావల్ల చూసి తెరిచే మనిషి అయింది. అదే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించింది. ఆ పూట ఆమె గ్లాసు ఖాళీచేసి కింద పెట్టినప్పుడు నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు నిలబడి వచ్చాను.

ఇప్పుడామెకు డాక్టరమ్మగారు వేరే మందు రాశారు. నూరి ఇచ్చినా హానిలేని మామూలు మాత్ర, పూటకొకటి. రెండో పూట మరచిపోకుండా ఉండవలసిన భారం మళ్లీ నామీద పడింది. సంతోషంగా మోస్తున్నాను. గొంతు ఎందుకు పట్టేస్తున్నదో కూడా పరీక్ష చేయించాము. ముందే చేయించవలసినది. మాత్ర దిగడం లేదంటే మాత్రను నూరుదామనుకున్నానేగాని, గొంతు ఎందుకు దిగనివ్వడం లేదని ఆలోచించలేదు.

అక్కచెల్లెళ్లకు నా మనవి ఒక్కటే. మందు అట్టమీద పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఇ.ఆర్., ఎమ్.ఆర్., పి.ఆర్. వంటి అక్షరాలు గాని, రిటార్డ్ అనే మాట గాని ఉంటే దాన్ని నూరవద్దు, నమలనివ్వవద్దు, అడగకుండా విరవవద్దు. ఆ అక్షరాలు లేని వాటిలోనూ నూరకూడనివి ఉంటాయి. కనుక ఏ మాత్రనైనా నూరేముందు డాక్టరునో మందులషాపువారినో ఒక్క మాట అడగండి. మింగలేకపోతున్నారని సిగ్గుపడకుండా చెప్పండి. నీళ్లమందుగానో, కరిగే మాత్రగానో, ఇంకొక దారిలోనో ఇవ్వడానికి వాళ్లకు వీలుంటుంది. కొన్ని రకాల మాత్రల డొల్ల మలంలో కనబడినా, మందు ఒంటికి పట్టలేదని కంగారుపడి ఇంకొకటి వేయవద్దు. మందు దిగిపోయి పీచు మాత్రం మిగిలివుండవచ్చు. అనుమానం వస్తే అడగండి.

కల్వం ఇప్పటికీ గూట్లోనే ఉన్నది. మిరియాలూ జీలకర్రా నూరడానికి తీస్తాను. మామూలు మాత్రకూ తీస్తాను. కాని తీసిన ప్రతిమారూ మా అత్తగారు కళ్లద్దాలు వెతుక్కుని నా పక్కకు వస్తారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఈ వయసులో ఎస్, ఎక్స్, ఎమ్, ఆర్ అనే అక్షరాలు నాలుగు నా చేత నేర్పించుకున్నారు. అట్టను వెలుతురుకెత్తి, పోగులు లెక్కపెట్టే మనిషిలాగా ఒక్కొక్క అక్షరమూ వేలితో తాకి చూసి, "లేవు, నూరు" అంటారు. అప్పుడు నూరుతాను.